రంగు పక్కకు జరుగుతోందా? చేతి స్క్రీన్ ప్రింటింగ్ మెషీన్‌ను మట్టానికి తెచ్చుకోవడం ఇలా

తెల్ల బేస్, అంటే రంగుల కింద వేసే మొదటి పొర, బాగానే పడింది. కాషాయం బాగానే పడింది. చివర్లో నల్ల గీత మాత్రం బొమ్మకు ఒక పక్క తెల్ల అంచు వదిలేసి, ఇంకో పక్క కాషాయం మీదికి ఎక్కింది. అప్పుడు దాదాపు అందరం చేసే పని ఒకటే. మైక్రో నాబ్ (స్క్రీన్‌ని కొద్దికొద్దిగా జరిపే మర) పట్టుకుని అర చుట్టు తిప్పుతాం. ఆ షర్టుకు సరిపోతుంది. తర్వాతి షర్టుకు రెండో పక్క తెల్లంచు తేలుతుంది. మళ్ళీ తిప్పుతాం. సాయంత్రానికి నాలుగు హెడ్లూ నాలుగు దిక్కులు చూస్తుంటాయి, అసలు తేడా ఎక్కడ మొదలైందో ఎవరికీ గుర్తుండదు.

ముందు మైక్రో మీంచి చెయ్యి తియ్యండి. మైక్రో ఉన్నది స్క్రీన్‌ని జరపడానికి, మెషీన్‌ని బాగు చెయ్యడానికి కాదు. మెషీన్ సెట్టింగుకు ఒక వరస ఉంది: నేల, షాఫ్టు, ప్యాలెట్లు (షర్టు తొడిగే పలకలు), హెడ్లు (స్క్రీన్లను పట్టుకునే చేతులు), లాక్ (దిగిన హెడ్ కూర్చునే చోటు), చిట్టచివర మైక్రో. కింద ఉన్నదాన్ని ముట్టుకుంటే పైనున్నవన్నీ మారిపోతాయి. కాబట్టి కింది నుంచి పైకి రావాలి, ఒకసారి దాటి వచ్చినదాన్ని మళ్ళీ కదపకూడదు. నేను ఇది నేర్చుకోవడానికి చాలా షర్టులు ఖర్చయ్యాయి. ఆ కథ మధ్యలో చెప్తాను.

ఇక్కడ చెప్పేది నాలుగు రంగులు, నాలుగు ప్యాలెట్ల గుండ్రటి మెషీన్ గురించి. టీషర్టులు వేసే చిన్న షాపుల్లో ఎక్కువగా కనిపించేది అదే. ఆరు రంగులదైనా వరస మారదు. నడుమ ఒక షాఫ్టు, దాని చుట్టూ పైన హెడ్లు, కింద ప్యాలెట్లు తిరగడం అనే ఏర్పాటు 1960ల్లో అమెరికాలో వచ్చింది. మైఖేల్ వాసిలాంటోన్ అనే ఆయనకు దాని మీద 1969లో పేటెంటు దక్కింది. ఇవాళ మన దగ్గర లేత్ షాపుల్లో వెల్డింగ్ చేసి ఇచ్చే మెషీన్ కూడా మూలంలో అదే. తేడా అంతా వెల్డింగ్ ఎంత నిటారుగా ఉందనేదాంట్లోనే.

పని మొదలుపెట్టే ముందు

దగ్గర పెట్టుకోవాల్సినవి పెద్దగా ఏమీ లేవు. ఒక రసమట్టం, రెండడుగుల నిక్కచ్చి అల్యూమినియం పట్టీ, 10-11, 12-13, 16-17 పానాలు, ఎలన్ కీల సెట్టు, వెర్నియర్ ఉంటే వెర్నియర్, నాలుగు రూపాయి బిళ్ళలు, ఏ4 కాగితం కత్తిరించిన సన్నటి పట్టీలు, ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా ఒకటి, తెల్ల పెయింట్ మార్కర్ ఒకటి. పానాలు సైజుకు రెండేసి ఉంటే మేలు, ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. డబ్బా ఎందుకంటే దాని గోడ రేకు మందం దాదాపు 0.1 మి.మీ. ప్యాలెట్ కింద ప్యాకింగ్ పెట్టడానికి అంతకన్నా చవకైన సరుకు దొరకదు. ఏ4 కాగితం మందం కూడా ఇంచుమించు అంతే, కానీ కాగితం కొలవడానికి మాత్రమే పనికొస్తుంది. ప్యాకింగ్‌గా పెడితే నూనె పీల్చి నలిగిపోతుంది, వారం తిరక్కుండా మట్టం పోతుంది.

ప్యాలెట్లకు 1, 2, 3, 4 అని, హెడ్లకు ఎ, బి, సి, డి అని మార్కర్‌తో రాసేయండి. ఇప్పుడు అనవసరం అనిపిస్తుంది. రాయండి.

ఇంకో మాట. అందరూ భయపడే తేడా వేరు, నిజంగా దెబ్బ కొట్టే తేడా వేరు. 2వ నంబరు ప్యాలెట్ మిగతావాటి కన్నా 3 మి.మీ. పక్కకు ఉందనుకోండి. రంగులు జరుగుతాయా? జరగవు. దాని మీదికి వచ్చే నాలుగు హెడ్లూ అదే లాక్‌లో దిగుతాయి కాబట్టి నాలుగు రంగులూ ఒకే 3 మి.మీ. పక్కకు పడతాయి. బొమ్మ షర్టు మధ్య నుంచి కాస్త తప్పుతుంది, అంతే. అదే ప్యాలెట్ 3 మి.మీ. కిందికి ఉంటే మాత్రం గొడవే. మెష్, అంటే ఫ్రేమ్‌కు బిగించిన జాలీ బట్ట, అక్కడ ఎక్కువ కిందికి సాగాలి, సాగితే బొమ్మ సాగుతుంది. పైగా ఈ సాగుడు మెష్‌కూ షర్టుకూ మధ్య ఉండే గ్యాప్‌తో సమానంగా పెరగదు. గ్యాప్ రెట్టింపైతే సాగుడు నాలుగు రెట్లవుతుంది. అందుకే పక్కలకు ఉన్న తేడా కన్నా ఎత్తులో ఉన్న తేడాను, దానికన్నా ముందు ఊగులాటను పట్టించుకోవాలి.

నేల, షాఫ్టు

మెషీన్ నాలుగు కాళ్ళూ నేలకు ఆనుతున్నాయో లేదో చూడండి. ఒక ప్యాలెట్ చివర పట్టుకుని గట్టిగా కిందికి నొక్కితే ఎదురు కాలు లేస్తే, కాలి కింద బోల్టు తిప్పండి. బోల్టు లేకపోతే రబ్బరు ముక్క కాదు, ఇనప రేకు ముక్క పెట్టండి. రబ్బరు పెడితే రంగు లాగే ప్రతి స్ట్రోకుకీ మెషీన్ ఊగుతుంది. రసమట్టాన్ని షాఫ్టు మీద రెండు దిక్కులా పెట్టి చూడండి. ఇక్కడ వెంట్రుక వాసి లెక్కలు అక్కర్లేదు. వదిలేసిన ప్యాలెట్ తనంతట తాను పల్లానికి తిరక్కుండా ఉంటే చాలు. వీలైతే కాళ్ళను ఫ్లోరుకు బోల్టులతో బిగించెయ్యండి. అద్దె షాపు, ఓనరు ఒప్పుకోడు అంటే కింద చట్రం మీద రెండు ఇసుక బస్తాలు వెయ్యండి.

తర్వాత షాఫ్టు. ప్యాలెట్ కొసను రెండు వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. షాఫ్టు దగ్గర చెవి పెట్టి వింటే "టిక్ టిక్" అని వినిపిస్తే బేరింగ్ లూజుంది. పైన ఉన్న పెద్ద నట్టును కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ తిప్పి చూడండి. ఆ టిక్ పోవాలి, అయినా ఒక్క వేలితో తోస్తే ప్యాలెట్లు హాయిగా తిరగాలి. రెండూ కలిసి కుదరట్లేదు అంటే, అంటే టిక్ పోయేలోపే తిరగడం బిగుసుకుపోతే, బేరింగ్ అరిగింది. మార్చడమే, వేరే దారి లేదు. హెడ్ల వైపు బేరింగ్‌కూ ఇదే పరీక్ష. హెడ్ ఆర్మ్ పైకి లేచే కీలు బోల్టులను కూడా ఇప్పుడే చూసెయ్యండి. హెడ్‌ని సగం ఎత్తి, కొస పట్టుకుని కుడిఎడమలకు ఊపితే కీలు దగ్గర కదలిక ఉండకూడదు.

ఫ్రేములు

ఇది మెషీన్ పని కాదు కదా అని చాలామంది వదిలేస్తారు. వంకర ఫ్రేమ్ పెట్టి హెడ్‌ని మట్టం చేస్తే, మీరు హెడ్‌కి ఆ వంకర నేర్పించినట్టే. తర్వాత నిటారు ఫ్రేమ్ పెట్టినప్పుడు అంతా తప్పుగా కనిపిస్తుంది.

ఫ్రేమ్‌ని టేబుల్ అద్దం మీద బోర్లా పెట్టి నాలుగు మూలలూ ఒక్కొక్కటే వేలితో తట్టండి. ఏ మూలైనా "టక్" మని మోగితే అది గాల్లో ఉన్నట్టు. చెక్క ఫ్రేములైతే వానాకాలంలో ఈ పరీక్ష చేసి చూడండి, సగం ఫ్రేములు టక్కుమంటాయి. కడగడం, ఆరబెట్టడం, మళ్ళీ కడగడంతో చెక్క మెలి తిరుగుతుంది. ఒక్క రంగు పనికి చెక్క చాలు. నాలుగు రంగులు కలవాలంటే అల్యూమినియమే, కనీసం ఒక ఆర్డరుకు వాడే నాలుగూ ఒకే రకం, ఒకే సైజు ఉండాలి. మెష్ టెన్షన్ (బిగువు) కూడా అంతే. మీటరు ఉంటే సెంటీమీటరుకు 20 న్యూటన్లకు తగ్గని స్క్రీన్లు వాడండి. మీటరు లేకపోతే నాలుగింటినీ పక్కపక్కన పెట్టి బొటనవేలితో నడుమ నొక్కి పోల్చండి. మిగతా మూడింటి కన్నా ఒకటి మెత్తగా దిగుతోందంటే ఆ రంగు జరుగుతుంది. దానికి మైక్రో మందు కాదు, మెష్ మళ్ళీ బిగించడమే మందు.

ప్యాలెట్లు: ముళ్ళ ఫ్రేమ్‌తో

అసలు పని ఇక్కడే ఉంది. తొందర పడకండి, మొదటిసారి ఒక పూట పడుతుంది.

ముందు నాలుగు ప్యాలెట్ల మీదా అల్యూమినియం పట్టీని నిలువుగా, అడ్డంగా, మూలకు మూల పెట్టి, కింద వెలుతురు కనిపిస్తుందేమో వంగి చూడండి. పాత గమ్ము పొరలు గీకేశాకే చూడాలి సుమా. గమ్ము గడ్డల మీద పట్టీ పెట్టి ప్యాలెట్ వంగింది అనుకోవడం మామూలే. ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. ప్యాలెట్లు నీళ్ళ ఇంకుకు అంచుల్లో ఉబ్బుతాయి. అలా ఉబ్బినదాన్ని ప్యాకింగులతో సరిచేయబోకండి, పారేసి కొత్తది వేసుకోండి.

నాలుగింటిలో చదునుగా, మీకు నమ్మకంగా ఉన్న ఒకదాన్ని పెద్ద ప్యాలెట్ అనుకోండి. రసమట్టం పెట్టి దాన్ని బాగా మట్టానికి తెచ్చి బోల్టులు బిగించండి. మిగతా మూడూ దాని మాట వినాలి.

ఇప్పుడు ముళ్ళ ఫ్రేమ్. మెష్ చిరిగి మూలన పడేసిన అల్యూమినియం ఫ్రేమ్ ఒకటి తీసుకోండి. దానికి అడ్డంగా ముందొకటి, వెనకొకటి ఇనప పట్టీలు బిగించండి. ఒక్కో పట్టీకి రెండు చివర్లా బెజ్జం వేసి 6 మి.మీ. బోల్టు కిందికి దించండి, పైనొక నట్టు, కిందొక నట్టు. అంటే ఫ్రేమ్ కిందికి నాలుగు ముళ్ళు చూస్తుంటాయన్నమాట. ఈ నాలుగూ ప్యాలెట్ నాలుగు మూలలకు రెండంగుళాలు లోపల పడేలా చూసుకోండి.

దీన్ని ఎ హెడ్‌లో బిగించి పెద్ద ప్యాలెట్ మీదికి దించండి. ఒక్కో ముల్లు కింద కాగితం పట్టీ పెట్టి, బోల్టును కిందికి తిప్పుకుంటూ రండి. పట్టీని లాగితే రావాలి, కానీ వేళ్ళకు రాపిడి తెలియాలి. నాలుగు ముళ్ళకూ అదే రాపిడి వచ్చాక నట్లు బిగించి మళ్ళీ ఒకసారి లాగి చూడండి. బిగించడంలో ముల్లు కదిలి ఉంటుంది, దాదాపు ఎప్పుడూ కదులుతుంది.

ఇందులో కిటుకు ఏమిటంటే ఎ హెడ్ వంకరగా ఉన్నా ఇప్పుడు నష్టం లేదు. ముళ్ళను పెద్ద ప్యాలెట్‌ను చూసే సరిచేశాం కదా. ఇక హెడ్ ఎత్తి, 2వ ప్యాలెట్ తిప్పి, దించండి. పట్టీ ఏ మూల బిగుసుకుంటే ఆ మూల ఎత్తుగా ఉంది, ఏ మూల వదులుగా జారితే అక్కడ పల్లం. వదులుగా ఉన్నచోట పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చుతూ పొండి. ఎన్ని పట్టీలకు మళ్ళీ రాపిడి వచ్చిందో చూసి ఒకటి తీసెయ్యండి, మిగిలినన్నే డబ్బా రేకు ముక్కలు ఆ మూల ప్యాలెట్‌కూ బ్రాకెట్‌కూ మధ్య పెట్టాలి. బ్రాకెట్‌కే ఎత్తు బోల్టులు ఉంటే రేకులు అక్కర్లేదు. కొన్ని మెషీన్లలో హెడ్ వచ్చి ఆనే దిమ్మ ప్యాలెట్ ఆర్మ్ మీదే ఉంటుంది. వాటిలో నాలుగు మూలలూ ఒకే లెక్కన ఎత్తో పల్లమో అయితే దిమ్మ బోల్టు తిప్పినా సరిపోతుంది.

మూడూ అయ్యాక ఇంకో పరీక్ష. స్క్వీజీ (ఇంకును మెష్‌లోంచి నెట్టే రబ్బరు పట్టీ) కొట్టేటప్పుడు ఎంత బరువు వేస్తారో అంత బరువుతో ప్యాలెట్ కొసను అరచేత్తో నొక్కండి. కొస కళ్ళకు కనిపించేంత దిగుతోందా? అలా దిగితే మీరు ఇప్పటిదాకా చేసిన మట్టం స్ట్రోకు పడగానే పోతుంది. ఆర్మ్ రేకు పలచనైనా అయ్యుండాలి, బ్రాకెట్ వెల్డింగైనా చిట్లి ఉండాలి. ఆర్మ్ కింద ఏటవాలుగా ఒక యాంగిల్ ముక్క వెల్డింగ్ పెట్టిస్తే చాలా మెషీన్లు బతికి బట్టకడతాయి.

నా కథ ఈ ప్యాలెట్ దగ్గరే జరిగింది. ఒక ఏడాది వినాయక చవితికి ఒక కమిటీ కుర్రాళ్ళవి 150 మెరూన్ షర్టులు ఒప్పుకున్నాను. తెల్ల బేస్, కాషాయం, పసుపు, పైన నల్ల గీత. రాత్రంతా వేసి, ఆరబెట్టి, తెల్లారి మడత పెడుతుంటే వినాయకుడి కుడి చెవి దగ్గర కొన్నిటికి తెల్ల అంచు. అన్నిటికీ కాదు. సరే, ప్రింటు వేసిన మా షాపు కుర్రాడి చెయ్యి ఊగిందని వాణ్ణి నాలుగు మాటలన్నాను. పాడైనవి లెక్కపెడితే 37 తేలాయి. అప్పుడు తట్టింది, 150ని నాలుగుతో భాగిస్తే దాదాపు అంతే వస్తుంది కదా. వెళ్ళి చూస్తే 3వ ప్యాలెట్ వెనక బోల్టు చేత్తోనే తిరిగింది. కుర్రాడి చేతిలో ఏ దోషమూ లేదు. ప్యాలెట్లకు నంబర్లు లేవు, షర్టుల మీద గుర్తు లేదు, లేకపోతే మొదటి రౌండులోనే దొరికేది. ఇప్పుడు ఏ ఆర్డరైనా మొదటి ఎనిమిది షర్టుల కింది అంచు లోపల మాస్కింగ్ టేపు ముక్క మీద ప్యాలెట్ నంబరు రాసి అంటిస్తాం.

హెడ్లు, ఆఫ్ కాంటాక్ట్

ప్యాలెట్లు నాలుగూ ఒక మాట మీదికి వచ్చాయి కాబట్టి ఇక వాటిని ముట్టుకోవద్దు. ఇప్పటి నుంచి ఏ తేడా కనిపించినా అది హెడ్‌దే.

పెద్ద ప్యాలెట్ మీద మీరు ఎక్కువగా వేసే రకం షర్టు ఒకటి తొడగండి. ఆఫ్ కాంటాక్ట్ అంటే దించిన మెష్‌కూ బట్టకూ మధ్య వదిలే గ్యాప్. ఉత్త ప్యాలెట్ మీద ఆ గ్యాప్ పెట్టి తర్వాత షర్టు తొడిగితే షర్టు మందం ఆ గ్యాప్‌లోంచి పోతుంది, చలికాలం హుడీలైతే గ్యాప్ మొత్తం మింగేస్తాయి. మామూలు టీషర్టుకు బట్టకూ మెష్‌కూ మధ్య ఒకటిన్నర నుంచి రెండు మి.మీ. చాలు. మెష్ కాస్త వదులైతే మూడు దాకా వెళ్ళక తప్పదు, కానీ అది మందు కాదు, అప్పటికి గట్టెక్కే ఉపాయం. ఇప్పటి రూపాయి బిళ్ళ మందం ఒకటిన్నర మి.మీ.కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మీ బిళ్ళలను వెర్నియర్‌తో ఒకసారి చూసుకోండి, నాలుగూ ఒకే అచ్చువి తీసుకోండి.

షర్టు మీద, బొమ్మ పడే చోటుకు నాలుగు మూలలా బిళ్ళలు పెట్టి, ఎ హెడ్‌లో మంచి ఫ్రేమ్ బిగించి దించండి. మెష్ బిళ్ళలకు తాకీ తాకనట్టు ఉండాలి. పైనుంచి చూస్తే తెలియదు, మెష్ మీద వేలితో మెల్లగా మీటండి. బిళ్ళ గట్టిగా ఆనిన మూల మొద్దుగా మోగుతుంది, ఆనని మూల డప్పులా మోగుతుంది. చెవికి అలవాటైతే వెర్నియర్‌తో పనే లేదు.

సరిచేసే వరస ఇది: ముందు కుడిఎడమల ఒంపు, తర్వాత ముందువెనకల ఒంపు, చివర మొత్తం ఎత్తు. కుడిఎడమల ఒంపు ఫ్రేమ్ పట్టుకునే క్లాంపు దగ్గరి రెండు బోల్టులతో పోతుంది. ముందువెనకల ఒంపు, ఎత్తు చాలా మెషీన్లలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వెనక కీలు దగ్గరి బోల్టు తిప్పితే రెండూ మారతాయి. కాబట్టి ఒకేసారి చుట్టు చుట్టు తిప్పకుండా పావు చుట్టు, దించడం, మీటి చూడడం, మళ్ళీ పావు చుట్టు. విసుగొస్తుంది. చౌక మెషీన్లలో ముందు వైపు ఒంపుకు బోల్టే ఉండదు. అప్పుడు ఫ్రేమ్ ముందు అంచు కింద, షర్టు దాటి బయటికి ఉండే చోట, సరిపడా మందం ఉన్న అట్టముక్క టేపుతో అంటించండి. అందంగా ఉండదు, పని మాత్రం చేస్తుంది.

చెక్ నట్టు (బోల్టు తిరక్కుండా ఆపే నట్టు) దగ్గరే అందరం మోసపోతాం. బోల్టు సరిగ్గా పెట్టి, చెక్ నట్టు బిగిస్తే ఆ బిగింపుకు బోల్టు కూడా కొంచెం తిరుగుతుంది. అందుకే రెండు పానాలు కావాలి. ఎడమ చేతి పానా బోల్టు తలను కదలకుండా పట్టుకోవాలి, కుడి చేతిది నట్టును బిగించాలి. బిగించాక మళ్ళీ నాలుగు మూలలూ మీటండి. బాగుందనిపిస్తే నట్టు మీంచి బోల్టు మీదికి తెల్ల మార్కర్‌తో ఒక అడ్డగీత గీయండి. రేపు ఆ గీత విరిగి కనిపిస్తే ఎవరో తిప్పారని, లేదా దానంతట అది వదులైందని దూరం నుంచే తెలుస్తుంది.

అదే ఫ్రేమ్‌ను తీసి బి, సి, డి హెడ్లలో వరసగా పెట్టి ఇలాగే చెయ్యండి. నాలుగింటికీ ఒకే ఫ్రేమ్, ఒకే షర్టు, అవే బిళ్ళలు.

లాక్

హెడ్ కిందికి దిగేటప్పుడు ఆర్మ్ వచ్చి రెండు బేరింగుల మధ్య, లేదా వి ఆకారంలో ఉన్న దవడ మధ్య కూర్చుంటుంది. రంగులు కలవడం అంతా ఈ వేలెడంత చోటు మీదే ఆధారపడి ఉంది. ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి. వదులుగా ఉంటే ఆర్మ్ ప్రతిసారీ ఒక్కో చోట కూర్చుంటుంది. మరీ బిగుతుగా ఉంటే దవడ మీద కూర్చుండిపోయి పూర్తిగా దిగదు, మనం చేత్తో నొక్కితే దిగుతుంది. అప్పుడు మీరు కష్టపడి పెట్టిన గ్యాప్ మీ మోచేతి బలాన్ని బట్టి మారుతుంటుంది.

ఆర్మ్‌ని నెమ్మదిగా, చివరి అంగుళం దాని బరువుతోనే దిగేలా వదలండి. ఒక పక్క బేరింగుకు ముందు కొట్టుకుని, తర్వాత లోపలికి జారుతోందా? అయితే లాక్ నడుమకు లేదు. లాక్ బోల్టులు వదులు చేసి, ఆర్మ్‌ని దించిపెట్టి, అది తనంతట తాను నిలబడిన చోటికే లాక్‌ని తెచ్చి బిగించండి. ఆర్మ్‌ని లాక్ దగ్గరికి లాగకండి. రెండు పక్కలా కాగితం పట్టీ పెడితే రాపిడితో రావాలి. కొస పట్టుకుని కుడిఎడమలకు నెడితే కదలకూడదు. నాలుగు హెడ్లు, నాలుగు లాకులు, అంటే పదహారు జతలు. పదహారూ చూడాలి. ఏ ఒక్క ఆర్మైనా అన్ని లాకుల్లోనూ వదులుగా ఉంటే ఆ ఆర్మ్ అరిగింది. అన్ని ఆర్మ్‌లూ ఒకే లాకులో వదులైతే ఆ లాకు బేరింగులు అరిగాయి.

ఇక్కడ గ్రీజు పెట్టకండి. దూది, దుమ్ము, ఎండిన ఇంకు అంటుకుని నెలలో ముద్దవుతుంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి తుడిచెయ్యండి. హెడ్‌ని దించే అలవాటు కూడా చూసుకోండి. ఫ్రేమ్ కుడి మూల పట్టుకుని లాగేవాళ్ళ మెషీన్‌లో ఒక పక్క బేరింగే అరిగి ఉంటుంది. నడుమ పట్టుకుని దించాలి.

మైక్రో సున్నాకు, ఆ తర్వాత పరీక్ష

మైక్రోలన్నీ మధ్యకు తేవాలి. నాబ్‌ని ఒక చివరిదాకా తిప్పి, అక్కడి నుంచి రెండో చివరిదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టి, అందులో సగం వెనక్కి రండి. అక్కడ మార్కర్‌తో గీత పెట్టండి. ఇక ముందు ఏ పని మొదలైనా మైక్రో ఆ గీత దగ్గరి నుంచే మొదలవ్వాలి.

పరీక్షకు ఒక స్క్రీన్ చేసుకోండి. నాలుగు మూలలా, నడుమ ఒకటి, మొత్తం ఐదు ప్లస్ గుర్తులు, గీత మందం అర మి.మీ.కి మించకుండా. ప్యాలెట్ మీద తెల్ల కాగితం గమ్ముతో గట్టిగా అతికించి మూడు దెబ్బల్లో చూడండి. మొదట ఒక ప్రింటు వేసి, ఎత్తి, తిప్పకుండా అక్కడే దించి మళ్ళీ వెయ్యండి. గీత లావైతే తేడా కీలులోనో, క్లాంపులోనో, మెష్‌లోనో ఉంది. సన్నగానే ఉంటే ప్యాలెట్‌ని పూర్తి చుట్టు తిప్పి తెచ్చి, అదే కాగితం మీద మళ్ళీ వెయ్యండి. ఇప్పుడు లావైతే లాక్, లేదా షాఫ్టు. అదీ బాగుంటే బి హెడ్‌కు అదే స్క్రీన్ మార్చి, మైక్రోతో కలిపి వెయ్యండి. నడుమ ప్లస్ కలిసి, మూలల్లో ఒకటి కలవకపోతే ఆ మూల బి హెడ్ ఎత్తు తేడాగా ఉంది. మూడింటిలో ఎక్కడ ఆగితే అక్కడికే వెనక్కి వెళ్ళాలి, అంతకన్నా వెనక్కి వద్దు.

ఇక నిజం ఆర్డరు

రంగులు కలిపేటప్పుడు నల్ల గీత స్క్రీన్‌తో మొదలుపెట్టండి, షర్టు మీద అది చివర్లో పడినా సరే. అన్ని రంగుల అంచులనూ మూసేది అదే. పెద్ద ప్యాలెట్ మీద వెడల్పు పారదర్శక టేపు అతికించి నల్లని దాని మీద ప్రింటు తీసి, ఆరాక, మిగతా స్క్రీన్లను ఒక్కొక్కటే దించి, పైనుంచి మెష్‌లోంచి చూస్తూ ప్లస్‌లను దానికి కలపండి. ముందు మెలి, అంటే స్క్రీన్ తిరిగి ఉండడం సరిచెయ్యాలి, తర్వాత కుడిఎడమలు, తర్వాత ముందువెనకలు. మెలి వదిలేసి పక్కలు కలిపితే పై ప్లస్ కలిసినప్పుడు కింది ప్లస్ తప్పుతుంది. చాలామంది గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. క్లాంపు మరలు ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్ళొద్దు. కుడిది కొంచెం, ఎడమది కొంచెం. చివరి పావు చుట్టులోనే ఫ్రేమ్ జరుగుతుంది.

ఇవన్నీ చేసినా ఫ్లాష్ (రంగుకూ రంగుకూ మధ్య ఇంకు ఆరబెట్టే హీటరు) పెట్టాక రంగు జరిగితే మెషీన్‌ని అనుమానించకండి. చల్లటి ప్యాలెట్ మీద మొదలుపెట్టి నాలుగు రౌండ్లకే అది కాలిపోయేంత వేడెక్కితే షర్టు ముడుచుకుంటుంది. కొత్త నూలు షర్టు మొదటి వేడికి కాస్తయినా లోపలికి లాగుతుంది. పని మొదలయ్యే ముందు ఖాళీ ప్యాలెట్లను ఫ్లాష్ కింద ఒక రౌండు తిప్పండి. షర్టు తొడిగాక బేస్ వెయ్యకముందే ఒకసారి కొన్ని సెకన్లు వేడి చూపించండి, ముడుచుకునేదేదో అప్పుడే ముడుచుకుంటుంది. మధ్య రంగులకు ప్లాస్టిసాల్ ఇంకు (వేడికే గట్టిపడే ప్లాస్టిక్ ఇంకు) వేలికి అంటకుండా జెల్ అయితే చాలు. పూర్తిగా ఉడకడానికి 160 డిగ్రీల దాకా కావాలి, అది చివర్లో చేసుకునే పని. మధ్యలోనే ఉడికిస్తే పై రంగు పట్టదు, షర్టూ ఇంకా లాగుతుంది.

స్క్వీజీ విషయంలో ఒక్కటే చెప్తాను. ఒక ఆర్డరు నాలుగు రంగులూ ఒకే చెయ్యి కొట్టాలి, ఒకే దిక్కుకు. కాషాయం లాగి, నలుపు తోస్తే మెష్ రెండు దిక్కులకు సాగుతుంది. 70 డ్యూరో (రబ్బరు గట్టిదనం కొలత) స్క్వీజీ రబ్బరు అంచు గుండ్రమైతే ఎవరైనా బలం ఎక్కువే వేస్తారు, బలం ఎక్కువైతే మళ్ళీ అదే కథ.

ఐదు ప్లస్‌ల స్క్రీన్‌ను మాత్రం ఎప్పటికీ డీకోట్ చెయ్యకండి, అంటే మెష్ మీది బొమ్మ పొరను కడిగెయ్యకండి. ఫ్రేములు తక్కువైనప్పుడు దాని మీదే కన్ను పడుతుంది, అయినా వద్దు. ఇంకు తుడిచి గోడకు తగిలించండి. వారంలో మొదటి రోజు పొద్దున, షర్టుల కట్ట విప్పకముందే నాలుగు ప్యాలెట్ల మీదా ఒక్కో కాగితం అతికించి ఆ మూడు దెబ్బలూ వెయ్యండి, కాగితం మీద తేదీ, ప్యాలెట్ నంబరు రాసి క్లిప్పుకు పెట్టండి. ఈ వారం కాగితాన్ని కిందటి వారం కాగితం మీద పెట్టి కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే, ఏ ప్యాలెట్ కదలడం మొదలుపెట్టిందో షర్టు పాడవకముందే కనిపిస్తుంది.